ఉద్యోగం పోయిందా? ప్రార్థన చేసి లేచాక చేయాల్సిన పనులు

పని చేయనొల్లని వాడు భోజనం చేయకూడదు అన్న వాక్యం ఉద్యోగం పోయిన విశ్వాసికి ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. నాకు మా బంధువుల పెళ్లిలో, భోజనాల బంతిలో, పప్పు వడ్డించాక చెప్పారు. చెప్పినాయన చెడ్డవాడేం కాదు, నా మీద ప్రేమ ఉన్నవాడే, కానీ ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు. ఇంటికొచ్చి ఆ వాక్యం తీసి మళ్లీ చదివాను. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక 3:10. అక్కడ "పని చేయనొల్లని యెడల" అని ఉంది. ఒల్లని అంటే ఇష్టపడని. పని దొరకని వాడిని, పని పోయిన వాడిని పౌలు అక్కడ ఒక్క మాట అనలేదు.

మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని పొద్దుగూకే వేళ సంతవీధికి వెళ్తే, అప్పటికీ కొంతమంది కూలీలు నిలబడే ఉన్నారు. ఎందుకు ఊరికే నిలబడ్డారంటే వాళ్లు చెప్పిన జవాబు, మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదండీ అని. హైదరాబాదులో ఏ కూలీల అడ్డాకైనా పదకొండు దాటాక వెళ్లి చూడండి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకొని ఇంకా నిలబడి ఉన్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లు బద్ధకస్తులు కాదు. తెల్లవారుజామున లేచి వచ్చినవాళ్లు. మీరూ నేనూ ఆ వరుసలో నిలబడ్డామంతే. ఈ సంగతి మనసులో గట్టిగా పెట్టుకోకపోతే కింద చెప్పే పనులేవీ చేయబుద్ధి కాదు, సిగ్గు కాళ్లను కట్టేస్తుంది.

నేను మెడికల్ బిల్లింగ్‌లో, అంటే ఆసుపత్రి బిల్లులకు ఇన్సూరెన్స్ డబ్బు (క్లెయిములు) రాబట్టే పనిలో, 9 ఏళ్లు పనిచేశాను. 2023 ఫిబ్రవరిలో మా ప్రాసెస్, అంటే మా టీము చేసే పని మొత్తం, ఎత్తేశారు. ఏడు నెలలు సరైన ఉద్యోగం లేదు. ఆ ఏడు నెలల్లో చేసినవి, చేయకుండా నష్టపోయినవి, ఇప్పుడు మా సంఘంలో ఎవరికైనా ఇలా జరిగితే కూర్చోబెట్టి చెప్పేవి, అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు తినండి, పడుకోండి, ఇంట్లో చెప్పండి

మొదటి రాజులు 19లో ఏలీయా చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. అంత పెద్ద ప్రవక్త. దేవుడు ఆయన్ను గద్దించలేదు, ప్రసంగమూ చేయలేదు. దూతను పంపించి తట్టి లేపి, లేచి తిను అన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. కొండ మీద అసలు మాటలు ఆ తర్వాత సంగతి.

అందుకే మొదటి రెండు మూడు రోజులు పెద్ద నిర్ణయాలేం తీసుకోకండి. ఊరికి వెళ్లిపోదాం, ఇల్లు ఖాళీ చేద్దాం, పిల్లల స్కూల్ మార్చేద్దాం అని ఆ టెన్షన్‌లో అనుకున్నవన్నీ నాలుగో రోజు వేరేగా కనిపిస్తాయి. నేను మొదటి రోజే మూడు రోజుల ఉపవాసం పెట్టుకున్నాను. రెండో రోజు సాయంత్రానికి చేతులు వణకడం మొదలైంది. మా ఆవిడ కంచం తెచ్చి ముందు పెట్టి, "ఏమండీ, దేవుడు ఏలీయాకి రొట్టె పంపించాడు కదా, మీకు ఇది పంపించాడు, తినండి" అంది. ఉపవాస ప్రార్థన మంచిదే, నేనూ చేస్తాను. కానీ నిద్రలేక, తిండి సయించక ఒళ్లు ఇప్పటికే అలిసిపోయి ఉన్నప్పుడు ఒక వారం ఆగి చేయండి.

ఇంట్లో మాత్రం ఆ రోజే చెప్పాలి. నేను చెప్పలేదు. సాయంత్రం ఏడింటికి మామూలుగానే ఇంటికొచ్చి బ్యాగు కుర్చీలో పడేసి స్నానానికి పోయాను. కుర్చీ కావాల్సి వచ్చి మా ఆవిడ ఆ బ్యాగు ఎత్తింది. రోజూ బరువుండే బ్యాగు దూదిలా లేచింది. నేను బయటికొచ్చేసరికి బ్యాగు చేతిలో పట్టుకొని అలాగే నిలబడి ఉంది. "ల్యాప్‌టాప్ ఏదండీ?" అంది. ఆ ఒక్క ప్రశ్నకి నేను చెప్పిన జవాబు అబద్ధం, సర్వీస్‌కి ఇచ్చానని. రెండో రోజు నిజం చెప్పినప్పుడు ఆవిడ ఉద్యోగం పోయినందుకు ఏడవలేదు, అబద్ధం చెప్పినందుకు ఏడ్చింది. మీరు ఆ తప్పు చేయకండి. పిల్లలకు కూడా వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పండి, నాన్నకి ఇప్పుడు ఆఫీసు లేదు, వేరేది వెతుకుతున్నాడు, కొన్నాళ్లు బయట తినడాలు, కొనడాలు ఉండవు అని. పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు.

ఇంకో మాట. చీకటి ఆలోచనలు వస్తే, బతికి ఏం లాభం అనిపిస్తే, అది విశ్వాసం తక్కువై వచ్చింది అనుకొని దాచుకోకండి. ఏలీయాకే వచ్చింది. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాస్టరు గారికి ఫోన్ చేయండి, ఆ నంబరుకీ చేయండి. రెండిట్లో ఏది చేసినా రెండోది మానేయాల్సిన పని లేదు.

కాగితాలు, ఇంటి లెక్క

రిలీవ్ అయ్యే రోజు బాధలో ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో కూడా చూడం. చదవకుండా రాజీనామా అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, ఒక రోజు గడువు అడగండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, జీతంలో కోసిన పన్ను వివరాలుండే ఫారం 16, ఇవన్నీ కంపెనీ మెయిల్ ఆగిపోకముందే మీ సొంత మెయిల్‌కి చేరాలి. జీతం స్లిప్పుల కోసం నేను తర్వాత ఐదు వారాలు తిరిగాను.

పర్మనెంట్ ఉద్యోగంలో ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. చివరి బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తే ఎంతొస్తుందో అంత. బేసిక్ 20,000, సర్వీసు 9 ఏళ్లు అనుకుంటే దాదాపు 1,03,800 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. చాలామంది దీన్ని అడగరు, కంపెనీ దయతలచి ఇచ్చేదేమో అనుకుంటారు. అది మీరు కష్టపడి సంపాదించుకున్న కూలి. పనివాళ్ల కూలి ఆపిన వాళ్లను యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ఎంత గట్టిగా మందలించిందో చదివితే, అడగడానికి మొహమాటపడరు.

పీఎఫ్ సంగతి. డబ్బు తీసుకునే నిబంధనలు ఈమధ్య మారాయి కాబట్టి పాత వీడియోలు చూసి నమ్మకండి, మెంబర్ పోర్టల్‌లోనే చూసుకోండి. ముందుగా మీ ఉద్యోగం ముగిసిన తేదీ అందులో ఎక్కిందో లేదో చూడండి. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకుండా 50,000 దాటి తీస్తే పన్ను కోస్తారు. నా సలహా అడిగితే, పీఎఫ్ మొత్తం ఊడ్చేయకండి. మూడు నాలుగు నెలల బియ్యం, అద్దె, ఫీజులకు ఎంత కావాలో అంతే. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్టినవాళ్లకు, ఉద్యోగం పోతే సగటు రోజు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటి ఉంది. దాని గడువు ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు, బ్రాంచి ఆఫీసులో అడిగి అప్లై చేయండి. ఫ్యాక్టరీల్లో, షాపుల్లో, ఆసుపత్రుల్లో చేసే మనవాళ్లకు ఈ పేరే తెలియదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ మామూలుగా చివరి రోజుతోనే ఆగిపోతుంది. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఆగకముందే అదే కంపెనీలో సొంత పాలసీకి మార్చుకోవడం కుదురుతుందేమో కనుక్కోండి.

ఇంటి లెక్క మేం పాప పాత స్కూల్ నోట్‌బుక్ వెనక పేజీల్లో రాశాం. అద్దె, బియ్యం, గ్యాస్, పాలు, కరెంటు, ఫీజు, మందులు. ఇవి ఏడూ ఒకవైపు, మిగతావన్నీ ఇంకోవైపు. రెండోవైపు ఉన్నవి చాలావరకు కొట్టేశాం. బ్యాంకు లోన్ ఉంటే కిస్తీ తప్పకముందే బ్రాంచికి వెళ్లి పరిస్థితి చెప్పండి, తప్పాక వెళ్తే మాట విలువ తగ్గిపోతుంది. క్రెడిట్ కార్డులో మినిమం కట్టి మిగతాది వదిలేస్తే వడ్డీ నెలకు మూడు శాతం పైనే పడుతుంది. లోన్ యాప్‌ల జోలికి అసలు పోకండి. ఐదు వేలు తీసుకొని, ఫోన్‌లో ఉన్న ప్రతి నంబరుకీ తిట్లు వెళ్లి, తల ఎత్తుకోలేక పోయిన కుటుంబాలను చూశాను. అంత అవసరమే వస్తే ఇంట్లో ఉన్న కాస్త బంగారం బ్యాంకులో పెట్టడం నయం.

కానుక సంచి ముందుకు వచ్చినప్పుడు

ఉద్యోగం పోయాక రెండో ఆదివారం. కీర్తన పాడుతున్నారు, కర్రకు కట్టిన ఎర్ర ముఖమల్ సంచి వరసల మధ్య ఒక్కొక్కరి ముందుకు వస్తోంది. నా జేబులో ఇరవై రూపాయల నోటు ఒక్కటే ఉంది, అది తిరిగి వెళ్లడానికి బస్సు డబ్బు. సంచి నా ముందు ఆగింది. నేను ఉత్త చేతిని పిడికిలి మూసి సంచి లోపలి దాకా పెట్టి తీశాను. పక్కనున్నవాళ్లు వేశాడనుకున్నారు. ఆ చెయ్యి నాకు ఇంటికెళ్లేదాకా కాలుతూనే ఉంది.

ఇప్పుడైతే చెప్తాను, అలాంటి రోజు సంచి ముందుకు వస్తే తల వంచి నమస్కారం పెట్టి పంపించేయండి. రాబడి లేనప్పుడు దశమ భాగం ఎక్కడి నుంచి వస్తుంది? పదిలో ఒకటి ఇవ్వాలంటే ముందు పది ఉండాలి కదా. అప్పు చేసి మొక్కుబడి తీర్చకండి. విత్తనం వేయండి, ఇంత పంపించండి, ముప్పై రోజుల్లో ఉద్యోగం వస్తుంది అని టీవీలో, ఫోన్‌లో చెప్పేవాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపించకండి. ఇది నేను మెత్తగా చెప్పలేను. దేవుని వరాన్ని డబ్బుతో కొందామనుకున్న సీమోనుతో పేతురు ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 8లో ఉంది, నీ వెండి నీతోనే నశించుగాక అన్నాడు. పిల్లల ఫీజు డబ్బు విత్తనం అని పంపించి, ఉద్యోగమూ రాక, విశ్వాసమూ పోగొట్టుకున్న ఒక తమ్ముణ్ణి నేనెరుగుదును. ఇంత చెప్పినా మానలేదు. ఇప్పటికీ గుడికి రాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

గుడి మానేయకండి. చాలామంది మానేసేది ఇక్కడే, అందరూ అడుగుతారని. పాస్టరు గారిని ఆదివారం రద్దీలో కాకుండా మధ్యలో ఒక రోజు ఇంటికి వెళ్లి కలవండి. "నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ" అని ఊరుకోకుండా వివరంగా చెప్పండి: ఏం పని చేశాను, ఎన్నేళ్లు, ఏం వచ్చు, ఏ ప్రాంతంలో చేయగలను, ఇంటికి నెలకు ఎంత కావాలి. మా అయ్యగారు ఒక చీటీ మీద రాసుకున్నారు. శుక్రవారం కూడికలో ఆ చీటీ చదివి ప్రార్థన చేశారు. కూడిక అయిపోయాక వెనక వరసలో కూర్చునే ఒక అక్క వచ్చి, మా తమ్ముడు ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు, రాత్రి పని, చేస్తావా అని అడిగింది. ఉద్యోగం కోసం ప్రార్థించండి అని మాత్రమే చెప్పి ఉంటే ఆవిడకు ఆ ఆలోచన వచ్చేది కాదు.

సహాయం ఇస్తే తీసుకోండి. నన్ను బలపరచువానియందే సమస్తమును చేయగలను అన్న వాక్యం గోడల మీద, కార్ల మీద రాసుకుంటాం. ఆ వచనం తర్వాత మూడు నాలుగు వచనాలు చదవండి, ఫిలిప్పీ వాళ్లు ఒకటికి రెండుసార్లు పంపించిన సహాయానికి పౌలు కృతజ్ఞత చెప్తున్నాడు. చెరలో ఉండి రాస్తున్న ఉత్తరం అది. తీసుకోవడానికి ఆయన నామోషీ పడలేదు. మాకు స్త్రీల సమాజం వాళ్లు 25 కిలోల బియ్యం బస్తా పంపించారు. మా అమ్మ ఫోన్‌లో, "నాయనా, తీసుకో, రేపు నువ్వూ ఇంకొకళ్లకు మోసుకెళ్తావు" అంది.

రోజును చేజారనివ్వకండి

ఆఫీసు లేకపోతే మొదట పాడయ్యేది పొద్దు. తొమ్మిదింటికి లేవడం, ఫోన్ చూడటం, పన్నెండుకి స్నానం, సాయంత్రానికి తలనొప్పి. నేను ఆఫీసుకు వెళ్లే టైముకే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చునేవాణ్ణి. ఐదున్నరకు అరగంట వాక్యం, ప్రార్థన. అరగంట అని ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, పని లేనప్పుడు ప్రార్థన కూడా దాక్కునే చోటు అవుతుంది. ఫోన్ చేయాల్సిన మనిషికి ఫోన్ చేయడం భయమై, ఇంకాసేపు ప్రార్థన చేద్దాం అనిపిస్తుంది. ఆమెన్ అన్నాక లేవాలి. తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా ఉద్యోగం వెతకడమే నా ఉద్యోగం.

ఆ నాలుగు గంటల్లో ఒక గంట కొత్త ప్రకటనలు, ఒక గంట తెలిసినవాళ్లకు ఫోన్లు, రెండు గంటలు నేర్చుకోవడం. నిజం చెప్పాలంటే వెబ్‌సైట్లలో పెట్టిన వందలకొద్దీ అప్లికేషన్ల కంటే, పాత సహోద్యోగులకు రోజూ చేసిన మూడు ఫోన్లే పనికొచ్చాయి. ఫోన్‌లో "ఏమైనా ఉంటే చూడన్నా" అంటే అవతలివాళ్లు సరేనని మర్చిపోతారు. "అన్నా, మీ దగ్గర క్లెయిమ్స్ టీములో ఖాళీ ఉందా, ఎవరిని అడగాలి, ఆ మేడం మెయిల్ ఇవ్వగలవా" అని అడిగితే ఆ మనిషికి చేయడానికి ఒక పని దొరుకుతుంది.

రెజ్యూమెలో నేను మొదట "క్లెయిమ్స్ చూసేవాణ్ణి" అన్నట్టు రాశాను. ఒక స్నేహితుడు చూసి కొట్టేసి, ఎన్ని క్లెయిములు, ఎంతమంది టీము, తిరస్కరించినవి ఎన్ని మళ్లీ రాబట్టావు, అవి రాయమన్నాడు. అంకెలు రాశాక పిలుపులు మొదలయ్యాయి. కొలస్సయులకు రాసిన పత్రిక 3:23లో మీరేమి చేసినను ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి అని ఉంది కదా, రెజ్యూమెలో ఒక్క అక్షర దోషం లేకుండా చూసుకోవడం కూడా అందులోకే వస్తుందని నా నమ్మకం. అబద్ధపు ఎక్స్‌పీరియన్స్ మాత్రం పెట్టకండి. అమీర్‌పేటలో డబ్బులిస్తే మూడేళ్ల అనుభవం కాగితం తయారవుతుందని అందరికీ తెలుసు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే చేరిన ఉద్యోగమూ పోతుంది, దొరకకపోయినా ప్రతి నెలా జీతం తీసుకుంటూ దేవుని ముందు ఎలా నిలబడతాం?

నేర్చుకోవడానికి స్వయం, ఎన్‌పీటీఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులు ఉచితమే, పరీక్ష రాస్తేనే ఫీజు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగ, నైపుణ్య వేదికలైన డీట్, టాస్క్, ఆంధ్రాలో నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలు, కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, వీటిలో పేరు నమోదు చేసుకోండి. చిన్న వ్యాపారం ఆలోచన ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ క్రైస్తవ మైనారిటీ ఆర్థిక సంస్థలు ఉన్నాయి, సబ్సిడీ రుణాల నోటిఫికేషన్ వచ్చినప్పుడు తెలిసేలా జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో ముందే కనుక్కొని ఉంచండి.

పరిగె ఏరుకోవడం చిన్నతనం కాదు

రూతు కథ మనకు పెళ్లిళ్లలో ఎక్కువగా వినిపిస్తుంది, నాకు మాత్రం అది నిరుద్యోగి కథ. పరాయి దేశం, మగదిక్కు లేదు, ఇంట్లో ముసలి అత్త. ఆ పిల్ల పొద్దున్నే లేచి ఎవరి చేనో తెలియకుండా వెళ్లి కోతవాళ్ల వెనక పరిగె ఏరుకుంది. మా ప్రకాశం జిల్లాలో మా అమ్మమ్మ కూడా ఏరింది, కోసిన మడిలో రాలిన కంకులు వంగి వంగి ఏరి కొంగులో వేసుకోవడం, సాయంత్రానికి నడుం లేవదు. రూతు సాయంత్రం దాకా ఏరి, దుళ్లగొడితే దాదాపు తూమెడు యవలయ్యాయని రాసి ఉంది. ఆ కొలత కూడా రాసిపెట్టారు చూడండి. ఆ చేను యజమాని బోయజు తమకు దగ్గరి బంధువన్న సంగతి అప్పటికి ఆ పిల్లకు తెలియదు, తూమెడు యవలు మాత్రం తెలుసు.

ఆ అక్క చెప్పిన గోడౌన్‌లో నేను నాలుగు నెలలు చేశాను. మేడ్చల్ వైపు, రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి ఆరు. బెల్టు మీద వచ్చే పార్శిళ్లను స్కాన్ చేసి పిన్‌కోడ్ ప్రకారం బోనుల్లో వేయాలి. మొదటి వారం అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు నన్ను అంకుల్ అనేవాళ్లు. జీతం నా పాత జీతంలో సగం కూడా లేదు, కానీ అద్దె, బియ్యం వెళ్లిపోయేవి, అంతకంటే ముఖ్యంగా మా పాప స్కూల్లో మా నాన్న పనికి వెళ్తున్నాడు అని చెప్పగలిగింది. ఇంటర్వ్యూలో ఈ నాలుగు నెలలు ఏం చేశారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మేనేజరు తల ఊపి, ఖాళీగా కూర్చోలేదన్నమాట అన్నారు.

దొరికిన పని చేయండి, అయితే ఆ పని వెతికే టైమును పూర్తిగా మింగేయకుండా చూసుకోండి. నేను మధ్యాహ్నం రెండు దాకా పడుకొని, రెండు నుంచి ఐదు దాకా ఫోన్లు, అప్లికేషన్లు చూసేవాణ్ణి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. ఆ దంపతులు కూడా క్లౌదియ చక్రవర్తి యూదులందరూ రోమా విడిచి వెళ్లాలని ఆజ్ఞాపించడంతో ఉన్నపళంగా వచ్చేసినవాళ్లే. వేరే ఊరు, అదే సూది, అదే పని.

ఒంగోలు ప్రాంతం వాళ్లకు ఇంకో కథ కూడా తెలిసే ఉంటుంది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని కరువు మాడ్చేసినప్పుడు, ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకొని, తిండిలేని వాళ్లకు ఆ పని ఇచ్చి కూలి ఇచ్చాడు. కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య అందరూ గర్వంగా చెప్తారు. నాకు మాత్రం ఆ తట్టలు, పారలు ఎక్కువ గుర్తుకొస్తాయి. మన తాతముత్తాతల విశ్వాసం మట్టి మోసిన భుజాల మీద వచ్చింది. సంఘ పెద్దలు ఎవరైనా చదువుతుంటే, బియ్యం బస్తాతో పాటు పని కూడా ఇవ్వగలరేమో ఆలోచించండి. గుడికి సున్నం వేయించాలి, లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించాలి, పిల్లలకు ట్యూషన్ చెప్పించాలి. బయటివాళ్లకు ఇచ్చే ఆ డబ్బు పని పోయిన తమ్ముడికి కూలిగా ఇస్తే అతను తల ఎత్తుకొని తీసుకుంటాడు.

ఆశను దోచుకునేవాళ్లు

అవసరంలో ఉన్న మనిషి ఫోన్ నంబరు మోసగాళ్లకు ఎలా తెలుస్తుందో గానీ తెలుస్తుంది. ముందు డబ్బు అడిగిన ఉద్యోగం ఉద్యోగం కాదు: రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ల్యాప్‌టాప్ డిపాజిట్, పేరు ఏదైనా సరే. టెలిగ్రాంలో రేటింగులు ఇస్తే రోజుకు రెండు వేలు అన్నదీ అంతే. పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకడం కష్టం. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు పేరు ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి. డేటా ఎంట్రీ అని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు కదా, అందులో చిక్కుకున్నది మన పిల్లలే. దైవజనుడు చెప్పాడు, విశ్వాసి చెప్పాడు అని పరిశీలన మానేయకండి.

జవాబు రానప్పుడు

ఉద్యోగం పోకముందు, 2022 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి నాకు వచ్చిన వాగ్దానం చీటీ యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు అన్న మాట. రెండు నెలలు తిరక్కుండా ఉద్యోగం పోయింది. ఆ కార్డు ఫ్రిజ్ మీద అలాగే ఉండేది, దాన్ని చూస్తే కోపం వచ్చేది. ఒక రాత్రి లేచి ఆ అధ్యాయం మొత్తం చదివాను. అది బబులోను చెరలోకి పోయిన వాళ్లకు రాసిన ఉత్తరం. పదో వచనంలో డెబ్భై ఏళ్లు అని ఉంది. ఐదో వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకొని వాటి ఫలాలు తినండి అని ఉంది. అంటే వాగ్దానం ఉంది, ఆ వాగ్దానం కిందే మట్టి తవ్వాల్సిన పని కూడా ఉంది. మర్నాడు గోడౌన్‌కి వెళ్లేటప్పుడు ఆ కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ప్రార్థనలో నిజం మాట్లాడండి. 13వ కీర్తన, యెహోవా, ఎంతకాలం అన్న మొరతోనే మొదలవుతుంది. దేవా నాకు భయంగా ఉంది, ఆ ఇంటర్వ్యూలో వాళ్లు నవ్వారు, అద్దెకి నాలుగు వేలు తక్కువ, అని ఉన్నదున్నట్టు చెప్పండి. మేము రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు అందినవి పేరుపెట్టి చెప్పుకునేవాళ్లం, పక్కింటివాళ్లు ఇచ్చిన మునక్కాయలు కూడా. సాక్ష్యాలు విన్నప్పుడు కుంగిపోకండి. మూడు రోజుల్లో ఉద్యోగం వచ్చిందని ఒకరు సాక్ష్యం చెప్తే, మీ ఏడు నెలలు దేవుడికి తక్కువ కాదు. నా ఉద్యోగం సెప్టెంబరులో వచ్చింది, పాత జీతం కంటే మూడు వేలు తక్కువకి.

మొదటి జీతం వచ్చిన ఆదివారం నేను గుడిలో వెనక వరసలో కూర్చున్నాను. సంచి వచ్చింది, వేశాను. నా పక్కనున్న తమ్ముడి ముందుకు వెళ్లింది. అతను పిడికిలి మూసి చెయ్యి లోపల పెట్టి తీశాడు. నాకు ఆ చెయ్యి తెలుసు. ఆరాధన అయ్యాక అతన్ని ఏమీ అడగలేదు, నంబరు మాత్రం తీసుకున్నాను. సోమవారం ఉదయం పదింటికి ఫోన్ చేసి, తమ్ముడూ, ఏం పని చేసేవాడివి, ఎన్నేళ్లు, రెజ్యూమె ఉందా, ఉంటే ఇప్పుడే వాట్సాప్‌లో పంపించు, సాయంత్రం కూర్చొని అంకెలు రాద్దాం అన్నాను.